ఆటస్థలము – రణస్థలము

పాఠశాలల వార్షికోత్సవములలో ఉపన్యసించు పెద్దలు తరచుగా నొక మాట చెప్పుచుందురు. ఆటలవలన బాలురకు గలుగు ఓర్పు, నియమపాలనము, నాయకుని యాజ్ఞకు లోబడుట యనునవియే పిమ్మట వారిని రణశూరులను జేయునని దాని తాత్పర్యము. ఈ మాట మన దేశమున బుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఇంగ్లండులో ధనికుల బిడ్డలు చదువుకొను బడులలో ఇది యొక మతమువలె బోధింపబడెను. న్యూబోల్టు అను కవి, బడి మైదానమున బ్యాటు పట్టిన బాలునికిని ఎడారిలో నాశనమగుచున్న సేన నడుమ నిలిచిన యువకునికిని ఒకే పిలుపు వినిపించి, ఆ పద్యముతో దేశమంతట ప్రసిద్ధి గాంచెను. అట్టి పద్యములు వల్లించి పెరిగిన బాలు రెందరో 1914వ సంవత్సరము తరువాత ఫ్రాన్సు దేశపు బురదలో మడిసిరి.

మేమును బడిపంతులమే గనుక ఈ మాటను వినినంతనే తల యూచి యూరకుండుట మాకు ధర్మము గాదు. బాలురను ఆటకు బంపుచున్నాము. వారిని దేనికి సిద్ధపరచుచున్నామో మాకు దెలియవలదా? సామాన్యసూత్రముల నుండి యీ విషయమును తేల్చుట కష్టము. ఆటలోను యుద్ధములోను గూడ గట్టివాడని పేరొందిన యొక్క మనుష్యుని జీవితమును తీసికొని చూచినచో కొంత వెలుతురు కలుగునేమో.

హెడ్లీ వెరిటీ 1905వ సంవత్సరము మే 18వ తేదీన యార్క్‌షైరు మండలములో, లీడ్సు నగరమందలి హెడింగ్లీ యను పేటలో జన్మించెను. తండ్రిది బొగ్గుల వ్యాపారము. కుమారుడు పదునాలుగేండ్లకే బడి మాని తండ్రి పనిలో జేరెను. అతడు మొదట చిన్న చిన్న సంఘముల తరపున ఆడి, ఇరువదియైదవ యేట, 1930లో, యార్క్‌షైరు జట్టున ప్రవేశించెను. ఆ జట్టులో నాలుగువేలకు పైగా వికెట్లు తీసికొనిన విల్‌ఫ్రెడ్ రోడ్సు ఆ యేడే విరమించుచుండెను. అట్టివాని పీఠమున గూర్చుండుట సులభమైన పని కాదు. వెరిటీ గూడ రోడ్సు వలెనే ఎడమచేతితో నెమ్మదిగా బంతి వేయువాడు. వేగముతో బెదరించుట యతని విద్య కాదు. గంటలకొలది ఒకే తావున బంతి పడునట్లు వేయుచు, గాలిని, నేల తడిని, ఎదుటివాని కాలి కదలికను గనిపెట్టుచు, తగిన క్షణమున వ్రేళ్లతో నించుక మార్పు చేయుట యతని నేర్పు. ఆ కాలమున వర్షము వచ్చినపుడు పిచ్చిని కప్పుచుండలేదు. తడిసిన నేల యెండకు ఆరు వేళ ఇట్టివాని చేతిలోని బంతి ప్రాణము వచ్చినట్లు తిరుగుచుండెడిది. 1932వ సంవత్సరము జూలై 12వ తేదీన నాటింగ్‌హాంషైరు జట్టుమీద నతడు 10 పరుగులు మాత్రమే యిచ్చి 10 వికెట్లును తీసికొనెను. పెద్ద ఆటలలో ఇంతకు మించిన లెక్క నేటికిని లేదు. 1934 జూన్‌లో లార్డ్సు మైదానమున ఆస్ట్రేలియావారి మీద ఒక్క దినముననే 14 వికెట్లు తీసికొనెను. బ్రాడ్మనంతటివానిని టెస్టు ఆటలలో ఎనిమిది మారులు వెలుపలికి బంపెను.

మన చదువరులలో పెద్దలకు వెరిటీ పేరు వేరొక విధముగ దెలిసియుండవచ్చును. 1934 ఫిబ్రవరిలో మద్రాసు చేపాకమునందు జరిగిన టెస్టులో అతడు మొదటి యిన్నింగ్సున 49 పరుగులకు 7, రెండవదానిలో 104 పరుగులకు 4 వికెట్లు తీసికొని మనవారి యోటమికి ముఖ్యకారకుడయ్యెను. ఆనాడు మన జట్టునకు నాయకుడు, తెలుగు వంశమున బుట్టి నాగపురమున బెరిగిన సి. కె. నాయుడు. నాయుడుగారు ఇందోరు హోల్కరు సంస్థానపు సైన్యములో పదవి నొంది ‘కర్నలు’ అని లోకమున బిలువబడిరి. ఆ బిరుదు వారి యాటను మెచ్చి రాజు చూపిన యాదరణము. వెరిటీకి వచ్చిన కెప్టెను పదవి యట్టిది కాదు.

ఇచట నొక విషయమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఆనాటి ఇంగ్లండు క్రికెట్టులో రెండు వర్ణములుండెను. కూలి పుచ్చుకొనక యాడువారు ‘జెంటిల్మెన్’, అనగా పెద్దమనుష్యులు; కూలికి ఆడువారు ‘ప్లేయర్సు’, అనగా ఉట్టి ఆటగాండ్రు. ఇరువురును ఒకే జట్టున ఆడుదురు; ఒకే గెలుపు కొరకు చెమటోడ్తురు. కాని పెక్కు మైదానములలో దుస్తులు మార్చుకొను గదులు వేరు, మైదానమునకు వచ్చు ద్వారములు వేరు. పట్టికలలో పెద్దమనుష్యుని యింటిపేరునకు ముందు పొడియక్షరములు వ్రాయుదురు. కూలివానికి వెనుక వ్రాయుదురు. ఈ భేదమును పట్టుదలతో కాపాడినవారు అక్షరజ్ఞానము లేని పల్లెవారు కారు, ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి పట్టభద్రులు. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మేమనగా, జట్టు నాయకుడు పెద్దమనుష్యుడే కావలెను. వెరిటీకి ఆటను గూర్చిన బుద్ధిబలము యెంతగా నున్నను, అతడు యార్క్‌షైరునకు గాని ఇంగ్లండునకు గాని నాయకుడగు మాట యెవ్వరి తలపునను లేదు.

ఇది చదివి మనవారు నవ్వుకొనుటకు వీలు లేదు. వెరిటీ వలెనే ఎడమచేతితో నెమ్మదిగా బంతి వేయుటలో మన దేశమున మొదట ఖ్యాతి గాంచిన పల్వంకర్ బాలూ అంటరానిదని యెంచబడిన చర్మకార కుటుంబమున జన్మించినవాడు. పూనాలో ఆయన సవర్ణులతో గలసి యాడెను. వారికి గెలుపు సంపాదించి పెట్టెను. విరామవేళ మాత్రము వెలుపల నిలువబెట్టి మట్టిపాత్రలో టీ యిచ్చిరి. 1911లో ఇంగ్లండునకు బోయిన మన జట్టున నూరు వికెట్లకు మించి తీసికొనియు, హిందువుల జట్టునకు ఆయన నాయకుడు కాజాలకపోయెను. గీత గీసిన మైదానములోపల అందరకును ఒకే న్యాయము: అంపైరు వ్రేలెత్తినచో పెద్దమనుష్యుడును పోవలసినదే, కూలివాడును పోవలసినదే. ఆ గీత దాటినంతనే లోకన్యాయము పైకొనును. ఆట సమత్వమును నేర్పునని చెప్పువారు ఆ పాఠము మైదానపు గేటువరకు గూడ నడచి రాలేదన్న సంగతిని గమనింపవలెను.

ఇక యుద్ధము మాట. 1938లో మ్యూనిక్ ఒడంబడిక నాటి భయము తరువాత వెరిటీ తన్నెఱిగిన యొక సేనానిని కలిసికొని, యుద్ధము వచ్చినచో తానేమి చేయవలెనని యడిగి, సైనికశాస్త్ర గ్రంథములను దెచ్చుకొని చదువ మొదలిడెను. ఆ చలికాలమున దక్షిణాఫ్రికాకు బోయిన జట్టుతో నతడు వెళ్లినపుడు ఆ పుస్తకములును వెంట వెళ్లెను. ఆ యాత్ర చివర, 1939 మార్చి 3వ తేదీన, డర్బనులో కాలపరిమితి లేని యొక టెస్టు మొదలయ్యెను. ఎవరో యొకరు గెలుచువరకు ఆడవలెనని నియమము. ఆడగా ఆడగా 14వ తేదీ వచ్చెను. ఇంగ్లండువారి గెలుపునకు 42 పరుగులు మాత్రమే కొఱవడియుండగా, ఓడ వెళ్లిపోవు వేళయైనదని ఆటను ముగింపక విడిచిపెట్టిరి. ఆ మరునాడే హిట్లరు సేనలు ప్రాగు నగరమును ప్రవేశించెను. పదిదినములు బంతి వేసి యలసినవాడు మరల ఓడ యెక్కి సేనల నడపించు విధమును చదువుకొనుట మాకు మిక్కిలి యాలోచింపదగినదిగ దోచినది. లోకము గాలికి బోవుచుండగా ఆటయేమిటని అతడు ఆటను మానలేదు. ఆట యున్నదిగదా యని లోకమును మరువను లేదు.

1939 సెప్టెంబరు 1వ తేదీన హోవ్ మైదానమున ససెక్సు జట్టు 33 పరుగులకే కూలెను. వెరిటీ 9 పరుగులిచ్చి 7 వికెట్లు తీసికొనెను. అదే యతని కడపటి యాట. అప్పటికి మొత్తము 1,956 వికెట్లు. ఒక్కొక్కదానికి ఇచ్చిన పరుగులు సగటున పదునైదునకు లోపల. రెండు దినములకు ఇంగ్లండు యుద్ధము ప్రకటించెను. వయస్సు ముప్పదినాలుగు, భార్యయు, ఇద్దరు కుమాళ్లును గలవాడు. పేరొందిన ఆటగాండ్రు పలువురు సైనికులకు దేహపరిశ్రమ నేర్పు పనిలో ప్రవేశించిరి. అదియు దేశసేవయే; వారిని తక్కువచేసి పలుకుట మా యభిమతము కాదు. వెరిటీ మాత్రము కాల్బలమును కోరుకొని, 1940 జనవరిలో గ్రీన్ హోవర్డ్సు అను యార్క్‌షైరు పటాలమున అధికారిగా నియుక్తుడయ్యెను. అతనితోడనే అదే పటాలమున అదే హోదా పొందినవాడు నార్మన్ యార్డ్లీ. యార్డ్లీ కేంబ్రిడ్జిలో జదివిన పెద్దమనుష్యుడు. మైదానమున పొడియక్షరములు ముందొకనికి వెనుక నొకనికి నుండగా, పటాలమున ఇద్దరును ఒకే బల్లయొద్ద భోజనము చేసిరి.

ఇదియే మమ్ము మిక్కిలి బాధించు సంగతి. శాంతికాలమున పదునొకండుగురిని నడపుటకు దగడని సంఘము త్రోసిపుచ్చిన బొగ్గులవర్తకుని కుమారుడు, నూరుగురిని మృత్యుముఖమునకు నడపుటకు తగినవాడెట్లయ్యెను? అతని శక్తి మారలేదు. సంఘమునకు వచ్చిన యవసరము మారినది. కావుననే యుద్ధము భేదములను పోగొట్టునని కొందరు యుద్ధమును మెచ్చుచుందురు. ఆ మాట మేమొప్పము. కలరా గూడ కులభేదము పాటింపదు. అంతమాత్రమున కలరాను సంఘసంస్కర్తయని యెవ్వరును పూజింపరు. ప్రాణములు పోవువేళ తెరచిన తలుపును బ్రదుకువేళ మూసియుంచిన దోషము శాంతికాలపు మనుష్యులది. దానిని దిద్దుకొనవలసిన పనియు వారిదే.

వెరిటీ పటాలము ఐర్లండు, భారతదేశము, పారశీకము, సిరియా, ఈజిప్టు దేశములు దిరిగి, 1943 జూలైలో సిసిలీ ద్వీపమున దిగెను. జూలై 19వ తేదీ రాత్రి కటానియా మైదానమున జర్మనుల బలగము మీదికి సాగిన దళములలో ఒకటి కెప్టెను వెరిటీ యధీనమున నుండెను. ఎదుటినుండి ఫిరంగులును తుపాకులును ప్రేలుచుండెను. ఏపుగ బెరిగిన పైరునకు నిప్పంటుకొని చుట్టును మంటలు లేచెను. ముందు నడచుచున్న వెరిటీకి రొమ్మున దెబ్బ తగిలెను. పడిపోయియు అతడు తనను జూచుకొనుటకై యాగవలదనియు, ముందున్న పొలములోని యింటిని పట్టుకొనుడనియు తనవారి నుత్తరువు చేసెను. అతని సేవకుడైన యొక సిపాయి మాత్రము విడువక యొద్దనుండి, తెల్లవారిన పిదప అతనితో గూడ శత్రువులకు జిక్కెను.

మన భారతకథలో కురుక్షేత్రయుద్ధము మొదలగునపుడు ఇరుపక్షములవారును నియమములు చేసికొనిరి. సమానునితో సమానుడే పోరవలెను, ఆయుధము విడిచినవానిని కొట్టరాదు, సూర్యుడస్తమించిన పిమ్మట పోరు మానవలెను. ఇవి యించుమించుగ ఆటనియమములే. అభిమన్యు నొక్కని చుట్టుముట్టిన నాడు అవి సడలెను. సైంధవుడు పడిన దినమున ప్రొద్దు గ్రుంకినను దివిటీలు వెలిగించి పోరు సాగించిరి. చివరకు నిద్రించుచున్నవారిని అశ్వత్థామ చంపుటతో నియమమను మాటయే మిగులలేదు. యుద్ధమును ఆటగా మొదలుపెట్టవచ్చును గాని ఆటగా ముగించుట యెవ్వరి తరము గాదని వ్యాసులవా రంతకుముందే యెఱుగుదురు. వెలుతురు చాలదని అంపైరులు చెప్పగనే లోపలికి బోవుటకు అలవాటుపడిన మనుష్యుడు, చీకటిలో, మండుచున్న పైరునడుమ, తన్ను విడిచి పొండని చెప్పెను. ఆ మాట యతనికి ఏ మైదానమును నేర్పలేదు. గాయపడినవానికొరకు ఆట నిలుచును. గాయపడినను యుద్ధము నిలువరాదని తానే చెప్పుట వేరొక ధర్మము. జట్టు గెలుపుకంటె తన పేరు తక్కువయని ఆట నేర్పునన్నంతవరకు నిజమే. అంతకుమించి ఆటకు ఋణము వ్రాయుట అతనికే యన్యాయము చేయుట.

వేరొక సంగతి గూడ విచారింపవలెను. ఆటలవలన ఆజ్ఞాపాలనము గలుగుననుట నిజమేయగుచో, ఆ సుగుణము ఇంగ్లండువారి సొత్తు మాత్రమే కాదు. 1936లో బెర్లిను నగరమున ఒలింపికు ఆటలను మహావైభవముతో జరిపించినది నాజీ ప్రభుత్వమే. దేహపరిశ్రమ, క్రమశిక్షణ, నాయకుని మాటకు ఎదురాడకుండుట యనువానిని బాలురకు ఆ ప్రభుత్వము నేర్పినట్లు మఱెవ్వరును నేర్పలేదు. 1946లో న్యూరెంబర్గు న్యాయస్థానమువారు, పైవాని యాజ్ఞను పాటించితిననుట దోషమును పోగొట్టదని తీర్పు చెప్పిరి. ఆట ‘ఎట్లు’ అనుదానిని నేర్పును; ‘ఎందుకు’ అనుదానిని ఎన్నడును నేర్పదు. 1933 జనవరిలో అడిలెయిడు నగరమున జార్డిను తన వేగముగాండ్రచేత దేహముమీదికి బంతులు వేయించి లోకమున పెద్ద కలహము రేపినపుడు, ఆ జట్టులోనుండిన వెరిటీ నాయకుని పక్షమునే వహించెను. తన చిన్నకుమారునికి జార్డిను పేరగు డగ్లసు అనునదే పెట్టుకొనెను. మేమా విషయమున వెరిటీతో నేకీభవింపము. కాని నాయకుడు చెప్పినది చేయుటయే అతని స్వభావమనుకొంటిమేని, 1938లో ఎవ్వరును చెప్పకుండగనే పుస్తకములు తెరచినవాడును అతడే. ఏ యుత్తరువును రాకముందు ఏ యుద్ధమున తాను పాల్గొనవలెనో తానే నిశ్చయించుకొనెను. హిట్లరు నెదిరించుట న్యాయమని మేమును నమ్ముదుము గనుక, అతనిని గౌరవించుట కిదియే మాకు ముఖ్యకారణము.

అయినను భారతీయులమైన మాకు ఇచట నొక చిక్కు కలదు. అతని పటాలము మన దేశమున విడిసియుండినది 1942లో. ఆ యేటి ఆగస్టులో గాంధీమహాత్ముని, కాంగ్రెసు నాయకులను అదే ప్రభుత్వము చెఱసాలల బెట్టించెను. అతడు సిసిలీలో నేలకొరిగిన 1943లోనే వంగదేశమున లక్షలకొలది జనులు అన్నము లేక చచ్చిరి. స్వాతంత్ర్యము పేరిట ఐరోపాలో పోరాడిన ప్రభుత్వమే మనకు స్వాతంత్ర్యము లేదనెను. ఒక న్యాయమైన యుద్ధము చేసినందున ఆ ప్రభుత్వపు ఋణము మనకు దీరినదని చెప్పజాలము. ఆ ప్రభుత్వము మన కన్యాయము చేసినందున ఆ రాత్రి యా పొలమున పడిన మనుష్యుడు అల్పుడని చెప్పను జాలము. భీష్ముడు దుర్యోధనుని యుప్పు దినినవాడని యెఱిగియు మనవారు భీష్మాష్టమినాడు తర్పణము విడుతురు. ఆ తర్పణము దుర్యోధనునికి జెందదు.

వెరిటీకి జర్మనుల యుద్ధభూమి వైద్యశాలలో శత్రువైద్యులే శస్త్రచికిత్స చేసిరి. పిమ్మట సముద్రము దాటించి ఇటలీలోని కసెర్టా పట్టణపు వైద్యశాలకు జేర్చిరి. అచట మరల చికిత్స జరిగినను ప్రయోజనము లేక, 1943 జూలై 31వ తేదీన, ముప్పదియెనిమిదవ యేట, అతడు మరణించెను. కొన్నిదినములకు ముందు ఒకరినొకరు చంపుకొనుచుండినవారు, ఆయుధము జారినంతనే ఒకని ప్రాణము నిలుపుటకు శ్రమపడిరి. కురుక్షేత్రపు మొదటిదినమున చేసికొనిన నియమములలో ఒక్కటి మాత్రము ఈ కాలపు యుద్ధమున నిచట నిలిచినదన్నమాట. మరణవార్త ఇంగ్లండున సెప్టెంబరు 1వ తేదీన తెలియవచ్చెను. హోవ్ మైదానమున అతడు కడపటి బంతి వేసి సరిగా నాలుగేండ్లయ్యెను.

కసెర్టాలోని సైనికశ్మశానమున అతని సమాధి కలదు. యార్క్‌షైరు జట్టున అతనితో గలసి యాడిన లెన్ హటను 1952లో ఇంగ్లండు జట్టునకు నాయకుడయ్యెను. కూలికి ఆడువాడు ఆ పదవి పొందుట ఆ శతాబ్దమున నదియే మొదలు. 1954లో ఆస్ట్రేలియాకు బోవుచు ఓడ నేపుల్సు రేవున ఆగినపుడు హటను తన జట్టువారితో గూడ ఆ సమాధిని దర్శించెను. పెద్దమనుష్యులు, ఆటగాండ్రు అను భేదమును ఇంగ్లండువారు తీసివేసినది 1962వ సంవత్సరము చివరను.